స్తంభం వైరు రాని ఇంట్లో సోలార్ కరెంటు: ప్యానెల్ నుంచి బల్బు దాకా పాటించాల్సిన నిబంధనలు

ధూళిమిట్ట మండలంలో ఊరి లోపలి ఇళ్లకు కరెంటు ఉంది. కానీ బావికాడ ఇల్లు కట్టుకున్నవాళ్లు, కోళ్ల షెడ్డు పక్కనే కాపురం పెట్టినవాళ్లు, అంత దూరం స్తంభాలు వేయించుకునే ఖర్చు భరించలేనివాళ్లు సొంతంగా రెండు మూడు సోలార్ ప్యానెళ్లు, ఒక ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు పెట్టుకుంటున్నారు. పొలం మోటారు సర్వీసు నుంచి ఇంటికి వైరు లాగడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి, ఆ పని చేయకుండా ఇటు రావడం మంచిదే. స్తంభం లైనుతో సంబంధం లేకుండా నడిచే ఈ ఏర్పాటును ఆఫ్‌గ్రిడ్ సోలార్ అంటారు. ఈ పాఠం అలాంటి ఇళ్ల కోసం.

పథకాల సదస్సుల్లో మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న సబ్సిడీ గురించే. వైరు ఏ సైజు వేయాలి సార్ అని అడిగినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. సరే, ముందు సబ్సిడీ సంగతే చూద్దాం.

ఏ పథకం దేనికి

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఇందులో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు ఇస్తారు. అంతకంటే పెద్దది పెట్టినా సబ్సిడీ 78,000 దాటదు. ఇది స్తంభం లైనుకు కలిపే సోలార్‌కు మాత్రమే వర్తిస్తుంది. లైను లేని ఇంటికి, బ్యాటరీ మీదే నడిచే సెట్టుకు ఈ డబ్బు రాదు. "సూర్యఘర్ సబ్సిడీ ఇప్పిస్తాను" అని బావికాడ ఇంటికి బ్యాటరీ సెట్టు అమ్మేవాళ్లు వస్తే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఒక్క మాట గుర్తు చేసుకోండి.

స్తంభం రాని ఇళ్లకే ప్రత్యేకంగా ఉన్నది పీఎం జన్‌మన్ కింద ఇచ్చే సోలార్ సెట్టు. 0.3 కిలోవాట్ల ఆఫ్‌గ్రిడ్ సెట్టుకు ఇంటికి 50,000 రూపాయలు కేటాయించారు. అది చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి వంటి ఆదిమ గిరిజన తెగల ఇళ్ల కోసం. రాష్ట్ర ప్రభుత్వం 2025 మే నెలలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం పోడు పట్టాలున్న గిరిజన రైతుల పంపుసెట్ల కోసం. గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా వచ్చే జీరో బిల్లు మీటరున్న ఇంటికి సంబంధించినది. అంటే మన మండలంలో బావికాడ సోలార్ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది సొంత డబ్బుతోనే పెట్టుకుంటున్నారు. సొంత డబ్బు కాబట్టి చూసే అధికారి లేడు, సంతకం పెట్టే ఇంజినీరు లేడు. చిక్కంతా అక్కడే ఉంది.

నిబంధన ఎవరిది, ఎవరికి వర్తిస్తుంది

"నా ప్యానెల్, నా బ్యాటరీ, డిపార్ట్‌మెంటుకు ఏం పని?" అంటారు కొందరు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు, 2023 అని ఉన్నాయి. 2010 నాటి పాత నిబంధనల స్థానంలో వచ్చినవి ఇవి. వైరింగ్ ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 732 చెబుతుంది. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఉంది. ఇవన్నీ కలిపి, సోలార్‌కు కూడా చోటిస్తూ జాతీయ విద్యుత్ కోడ్‌ను 2023లో కొత్తగా విడుదల చేశారు. కరెంటు స్తంభం నుంచి వచ్చిందా, సూర్యుడి నుంచి వచ్చిందా అని మనిషిని తాకినప్పుడు అది చూసుకోదు కదా.

నిబంధనల ప్రకారం ఇంటి వైరింగ్ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ ద్వారా, పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతే జరగాలి. బల్బు మార్చడం, ఫ్యూజు వేయడం, స్విచ్ మార్చడం వంటి చిన్న పనులకు మాత్రం మినహాయింపు ఉంది. చిన్న ఇంటి సెట్టును చూడటానికి విద్యుత్ ఇన్‌స్పెక్టర్ వస్తారని ఎదురుచూడొద్దు. అక్కడ బాధ్యత యజమానిదే. కాబట్టి మేస్త్రీని పర్మిట్ కార్డు చూపించమని అడగండి. ఊరివాడే, మనోడే అయినా అడగండి. అసలైన మేస్త్రీకి కోపం రాదు.

ప్యానెల్ లైను: ఎండ ఉన్నంతసేపూ ఆగని కరెంటు

పోయిన ఎండాకాలం ఒక బావికాడ ఇంటికి వెళ్లాం. ప్యానెల్ లైనుకు పెట్టిన మామూలు ఎంసీబీ నల్లగా కరిగి గోడకు అతుక్కుపోయి ఉంది. దానికి నాలుగు అడుగుల దూరంలో ఎండుగడ్డి వాము. ఆ ఇంటి పెద్దాయన "వాసన వస్తే ఇన్వర్టర్ అనుకున్నం సార్, గోడ చూడలే" అన్నాడు. ఆ రోజు గాలి అటు తిరగలేదు కాబట్టి సరిపోయింది.

ఎందుకలా కరిగింది? ఇంట్లో వాడే కరెంటు ఏసీ. అది సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది. స్విచ్ తెరిచినప్పుడు లేచిన నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ. దానికి సున్నా లేదు. స్విచ్ తెరిచిన సందులో మంట వెల్డింగ్ రాడ్ కొసలా నిలబడిపోతుంది. అందుకే ప్యానెల్ లైనుకు డీసీ కోసమే తయారైన రెండు పోళ్ల ఎంసీబీ కానీ, డీసీ ఐసొలేటర్ కానీ కావాలి. దుకాణంలో గుర్తుపట్టడం తేలిక. ఏసీ స్విచ్ మీద అల గుర్తు ఉంటుంది. డీసీ దాని మీద ఒక నిలకడ గీత, దాని కింద తెగిన చిన్న గీతలు ఉంటాయి. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ ఎటు కలపాలో గుర్తులుంటాయి. అటూ ఇటూ అయితే అవి కూడా కరుగుతాయి.

సైజు సంగతికి వద్దాం. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికే 540 వాట్ల ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి. ఏమీ కలపనప్పుడు వోల్టేజీ సుమారు 49.5 వోల్టులు, షార్ట్ అయినప్పుడు కరెంటు సుమారు 13.8 ఆంపియర్లు అని ఉంటుంది. ఆ 13.8ని ఒకటింబావుతో హెచ్చిస్తే 17 దాటుతుంది. అంటే 20 ఆంపియర్ల డీసీ స్విచ్ సరిపోతుంది. రెండు ప్యానెళ్లను వరుసగా కలిపితే వోల్టేజీ రెండింతలవుతుంది, కరెంటు అంతే ఉంటుంది. పక్కపక్కన కలిపితే కరెంటు రెండింతలవుతుంది, స్విచ్ కూడా పెద్దది కావాలి.

ఇక్కడ చలికాలం లెక్క ఒకటుంది. ఇన్వర్టర్ మీద ప్యానెల్ వోల్టేజీ గరిష్ఠంగా 150 అని రాసి ఉందనుకోండి. మూడు ప్యానెళ్లు వరుసగా కలిపితే 148.5 వోల్టులు. సరిపోయింది అనుకుంటాం. కానీ స్టిక్కర్ మీది అంకె 25 డిగ్రీల వేడికి లెక్కగట్టినది. ప్యానెల్ చల్లబడితే వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.28 శాతం చొప్పున. డిసెంబరులో మన దగ్గర తెల్లవారుజామున 10 డిగ్రీలుంటే 15 డిగ్రీల తేడా. సూర్యుడు మీద పడగానే మూడు ప్యానెళ్ల వోల్టేజీ 154 దాటుతుంది. మే నెలలో బిగించిన సెట్టు ఎనిమిది నెలలు బాగా నడిచి ఒక చలి పొద్దున పోయిందంటే, చాలాసార్లు ఇన్వర్టర్ కంపెనీది తప్పు కాదు, ఈ లెక్క చేయకపోవడమే కారణం. వారంటీ కూడా దొరకదు. ఇంకో సంగతి, 120 వోల్టుల దాకా ఉన్న డీసీని నిబంధనలు అతి తక్కువ వోల్టేజీగా లెక్కిస్తాయి. మూడు ప్యానెళ్ల వరుస ఆ గీత దాటిపోయింది. అక్కడి నుంచి చేయి తగిలితే ప్రాణం మీదికే.

వైరు, కోతులు

ప్యానెల్ నుంచి కిందికి దిగే వైరు ఇంట్లో వాడే మామూలు పీవీసీ వైరు కాకూడదు. ఎండకు అది రెండు మూడేళ్లలో పగులుతుంది. సోలార్ డీసీ కేబుల్ అని విడిగా ఉంది. దాని ప్రమాణం ఐఎస్ 17293. కేబుల్ మీదే ఆ నంబరు అచ్చు వేసి ఉంటుంది, చదివి తీసుకోండి.

సన్నటి వైరు వేస్తే ఏమవుతుందో ఒక లెక్క. ప్యానెల్ నుంచి ఇన్వర్టర్‌కు 10 మీటర్లు, రాను పోను 20 మీటర్లు. ఒక ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు పంపుతోంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగైతే దారిలో 1.1 వోల్టులు పోతాయి, అంటే మూడు శాతం లోపే. 2.5 తీగైతే 1.8 వోల్టులు, నాలుగు శాతం పైన. పోయిన ఆ వోల్టులు ఎక్కడికీ పోవు. తీగ వేడెక్కడానికే ఖర్చవుతాయి.

మన పక్క కోతుల బాధ చెప్పక్కర్లేదు. ప్యానెల్ కింద వేలాడే వైరు వాటికి ఊయల. లాగి లాగి కనెక్టరు వదులవుతుంది. వదులైన డీసీ కనెక్టర్ దగ్గరే మంట పుడుతుంది. కాబట్టి వైరంతా పైపులో వెళ్లాలి, ప్యానెల్ కింద క్లిప్పులతో ఫ్రేముకు బిగించి ఉండాలి. ప్యానెళ్లతో వచ్చే ఎంసీ4 కనెక్టర్లు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక కంపెనీ మగది, ఇంకో కంపెనీ ఆడది కలిపితే పడుతుంది కూడా. కానీ లోపల పట్టు సరిగ్గా కుదరక వేడెక్కుతుంది. రెండూ ఒకే కంపెనీవి పెట్టించండి. ఎండలో లోడు నడుస్తుండగా వాటిని ఊడదీయడం ఎప్పుడూ చేయొద్దు.

బ్యాటరీ

పన్నెండు వోల్టుల బ్యాటరీని పట్టుకుంటే షాక్ కొట్టదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కచేయరు. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పానా పడితే వెయ్యి ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. పానా ఎర్రగా కాలుతుంది, చేతి ఉంగరమైతే వేలితో సహా. బ్యాటరీ పని చేసేటప్పుడు ఉంగరం, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాలి.

వెయ్యి వాట్ల లోడు 24 వోల్టుల ఇన్వర్టర్ మీద నడిస్తే బ్యాటరీ తీగలో నష్టాలతో కలిపి దాదాపు 50 ఆంపియర్లు వెళ్తాయి. అదే లోడు 12 వోల్టుల మీదైతే దానికి రెండింతలు. అందుకే బ్యాటరీ తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. ఒక కిలోవాట్, 24 వోల్టుల సెట్టుకు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో 63 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టడం మామూలు. ఇన్వర్టర్‌తో వచ్చిన పుస్తకంలో ఇంకో అంకె ఉంటే దాన్నే పాటించాలి. ఆ ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఎందుకుండాలంటే, ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగకు ఏ రక్షణా లేదు. ఎలుక కొరికినా ఆపేదేదీ ఉండదు.

నీళ్లు పోసే బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. మూసిన గదిలో, మంచం కింద, వంటింట్లో, దేవుడి దీపం పక్కన పెట్టకూడదు. పైనా కిందా గాలి ఆడే చోటు కావాలి. ఇన్వర్టర్‌ను సరిగ్గా బ్యాటరీ పైన పెట్టడం కూడా తప్పే. ఆవిరి దాని లోపలికి పోయి బోర్డు తినేస్తుంది.

ఆర్‌సీసీబీ ఉంది, కానీ పనిచేస్తుందా?

ఇది కాస్త ఓపికగా చదవండి. చాలా ఇళ్లల్లో డబ్బు పెట్టి మరీ మోసపోతున్నది ఇక్కడే.

షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కొంత కరెంటు ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందని, వెంటనే తెంచేస్తుంది. ఇళ్లకు ఈ 30 మిల్లీ ఆంపియర్లదే పెట్టించాలి.

స్తంభం కరెంటులో న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమికి కలిపి ఉంచుతారు. అందుకే మనిషి ఫేజును తాకితే కరెంటుకు భూమి ద్వారా తిరిగి వెళ్లే దారి దొరుకుతుంది, తేడా వస్తుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. స్తంభం లేని ఇంట్లో ట్రాన్స్‌ఫార్మర్ లేదు. చిన్న ఇన్వర్టర్లు చాలావాటిలో బయటికొచ్చే రెండు తీగల్లో ఏదీ భూమికి కలిసి ఉండదు. అప్పుడు ఆర్‌సీసీబీ గోడ మీద బొమ్మలా ఉంటుంది. మొదటి లోపం వచ్చినా పడదు, ఎవరికీ తెలియదు. రెండో లోపం వచ్చినప్పుడు మనిషి మధ్యలో ఉంటే, చేతి నుంచి చేతికి కరెంటు పోతున్నా అది మామూలు లోడు అనుకుని ఊరుకుంటుంది.

దీనికి పరిష్కారం, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో న్యూట్రల్‌ను ఒకే ఒక్క చోట, ఆర్‌సీసీబీకి ముందు, ఎర్త్‌కు కలపడం. మీ ఇన్వర్టర్ దీనికి ఒప్పుకుంటుందో లేదో దాని పుస్తకంలో ఉంటుంది. ఒప్పుకోని ఇన్వర్టర్‌కు అలా కలిపితే కాలిపోతుంది. కాబట్టి కొనేముందే దుకాణంలో అడగాల్సిన ప్రశ్న ఇది: "అన్నా, దీని న్యూట్రల్‌ను ఎర్త్ చేయొచ్చా?" సమాధానం తెలియని దుకాణంలో కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడింది కదా, అంతా బాగున్నట్టే అంటారు. ఆ బటన్ లోపల ఫేజు, న్యూట్రల్ మధ్యే పనిచేస్తుంది. భూమితో దానికి సంబంధం లేదు. అది పరికరం బతికి ఉందని చెబుతుంది, మీ ఎర్త్ బాగుందని చెప్పదు. అసలు పరీక్ష ఫేజు నుంచి ఎర్త్‌కు చిన్న లోడు పెట్టి చూడటం. అది పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేయాలి, మీరు చేయకూడదు. పని పూర్తయి డబ్బులిచ్చే ముందు మీ కళ్ల ముందు చేసి చూపమనండి.

ఎర్త్, పిడుగు

ప్యానెల్ ఫ్రేములు, స్టాండు, ఇన్వర్టర్ బాడీ అన్నీ ఆకుపచ్చ తీగతో ఎర్త్ గుంతకు చేరాలి. అల్యూమినియం ఫ్రేము మీద కంటికి కనబడని పూత ఉంటుంది. మామూలు బోల్టు ఆ పూత మీదే కూర్చుంటుంది. పళ్లున్న వాషర్ వేస్తేనే పూత చీల్చి లోహాన్ని పట్టుకుంటుంది. ఎర్త్ రాడ్ గోడకు కనీసం మీటరున్నర దూరంలో ఉండాలి. నిరోధం 5 ఓంల లోపు వచ్చేలా చూడమనండి, మీటరు పెట్టి చూపించమనండి. మన ఎర్ర నేలలు మే నెలలో రాయిలా ఎండుతాయి. వానాకాలం 4 ఓంలు చూపిన గుంత ఎండాకాలం అలా ఉండదు. వారానికి ఒక బిందె నీళ్లు పోయండి.

ఊరి లైను కూడా ఉన్న ఇల్లయితే

కొందరికి ఊళ్లో మీటరూ ఉంటుంది, ఇంటిమీద ఆఫ్‌గ్రిడ్ సెట్టూ ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ నుంచి రెండు కొనలకూ మగ పిన్నులున్న వైరు తీసి గోడ ప్లగ్గులో గుచ్చేస్తారు. ఇల్లంతా వెలుగుతుంది. అదే సమయంలో ఆ కరెంటు మీటరు దాటి సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాకా చేరితే 230 వోల్టులు అవతలి వైపు 11,000గా మారే వీలుంది. లైన్‌మన్ ఫ్యూజు తీసి, కరెంటు లేదనుకుని తీగ పట్టుకుంటాడు. "మా ఇన్వర్టర్ చిన్నది, అంత లోడుకు ట్రిప్ అవుతుంది" అనే భరోసా పనికిరాదు. ఫ్యూజు తీసిన తీగ మీద లోడే ఉండకపోవచ్చు. లైనుకు కలిపే సూర్యఘర్ ఇన్వర్టర్లకు స్తంభం కరెంటు పోగానే వాటంతటవే ఆగిపోయే గుణం ఉండాలని ఐఎస్ 16169 చెబుతుంది. మీ ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కు ఆ గుణం ఉండదు. అటో ఇటో ఒక్కదానికే కలిసే చేంజోవర్ స్విచ్, ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ మార్చేది, పెట్టించుకోవాలి. స్తంభం మీదున్నవాడు కూటిగల్ వాడో, బైరాన్‌పల్లి వాడో అయి ఉంటాడు. వాడికీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లున్నారు.

ఆపే వరస

సెట్టు ఆపాలంటే ముందు ఇంట్లో లోడు, తర్వాత ఇన్వర్టర్, ఆ తర్వాత ప్యానెల్ డీసీ స్విచ్, ఆఖరున బ్యాటరీ. మళ్లీ నడపాలంటే ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, ఆ తర్వాత ఇన్వర్టర్. ప్యానెల్ కలిపి ఉండగా బ్యాటరీ తీసేస్తే చాలా చార్జర్లు తట్టుకోలేవు. పొగ వస్తే, చేరగలిగితే ప్యానెల్ స్విచ్ ఆపి బయటికి వచ్చేయండి. నీళ్లు చల్లొద్దు. పగలు ఎన్ని స్విచ్‌లు ఆపినా ప్యానెల్ నుంచి స్విచ్ దాకా ఉన్న తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది. 101కి ఫోన్ చేసినప్పుడు ఇంటి మీద సోలార్ ఉందని ముందే చెప్పండి. ఎవరికైనా షాక్ తగిలితే 108. సర్వీసు వైరు తెగిపడితే 1912.

ఈ వరసను ఇన్వర్టర్ పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. మేస్త్రీ పేరు, పర్మిట్ నంబరు, బిగించిన తేదీ, ఎర్త్ రీడింగు, ఏ స్విచ్ దేనిదో గీసిన బొమ్మ ఒక కాగితం మీద రాయించుకుని బిల్లులతో కలిపి దాచండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పాఠం వాళ్లతో చదివించుకుని, ముందుగా ప్యానెల్ లైను స్విచ్ మీద గుర్తు అలదా, గీతదా చూడమనండి.